వేళ్ళకు పూసిన గంధం

మేడ్చల్,
6 ఏప్రిల్ 2001.

సోమయ్యకు,

యజ్ఞనారాయణ ఆశీస్సులు.

శ్రీరామనవమి నుంచి నువ్వు ఇల్లు కదలడం లేదని, గుడి కమిటీ అధ్యక్షుడు ప్రతాప్ నిన్న మా కాలనీకి వచ్చినప్పుడు చెప్పాడు. మీ ఇంట్లో ఫోను లేదు. ఈ మోకాళ్ళతో నేను బస్సెక్కి మీ ఊరు రాలేను. అందుకని ఈ ఉత్తరం.

ముందే చెప్పానని అనడం నాకు ఇష్టం ఉండదు. కాని ముందే చెప్పాను. సన్నాయి అంటే కర్ర, నోట పెట్టే రెల్లు పీక, ఊపిరి. నీ మేనల్లుడు బాలేష్ సికింద్రాబాద్ బ్యాండువాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండులో కొని తెచ్చిన ఆ కరెంటు గొట్టంలో మొదటి రెండూ లేవు. మూడోదాన్ని అది కొలుచుకుంటుంది, అంతే. నువ్వు ఎంత గట్టిగా ఊదావో, పెదవి ఎంత బిగించావో, వేలు ఎక్కడ పెట్టావో తీగ గుండా ఒక పెట్టెకు చెబుతుంది. ఆ పెట్టె ఎవడో ఎక్కడో ఊదిన షెహనాయిని తీసి వినిపిస్తుంది. నోరు నీది, గొంతు ఇంకొకడిది.

నేను ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పాను, అరవై ఏళ్ళు సంగీతం విన్నాను. తంబురాను డబ్బాలో బిగించి మీట నొక్కి పాడిన విద్వాంసుల్ని చూశాను. ముందు వరసలో కూర్చుని తప్పు చోట తల ఊపే సభా కార్యదర్శుల్ని చూశాను. నా వ్యాసాలు వేసుకుని నా పేరును తప్పుగా అచ్చు వేసిన సంపాదకుల్ని చూశాను. వాళ్ళెవరికీ సిగ్గు లేదు. నీకు ఉంది కాబట్టి ఇంట్లో కూర్చున్నావు. అది నీ మంచితనం.

జరిగింది చిన్న విషయం కాదు. పురోహితుడు మంగళసూత్రం ఎత్తి గట్టిమేళం అన్నాడు. నీ వేలు కదలకుండానే ఆ గొట్టం కోడిపెట్టలా అరిచింది, ఆగింది, మళ్ళీ పై స్థాయిలో కీచుమంది. డోలు కొట్టే ముత్తయ్య చెయ్యి ఆగిపోయింది. జనంలో ఎవరో నవ్వారు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి మీ ఊరి రాముడి పెళ్ళి మేళం లేకుండా అయింది.

అంతకు కాస్త ముందే కమిటీ సలహాదారుగా నేను నీకు గంధం పూశాను. అందరి ముందూ, నా చేత్తో, గౌరవంగా. నీమీద నాకు ఏ కోపమూ లేదనడానికి అదే సాక్ష్యం.

ఆ గొట్టాన్ని వదిలెయ్యి. సన్నాయి పట్టుకో. కమిటీతో నేను మాట్లాడతాను.

యజ్ఞనారాయణ


షామీర్‌పేట,
17 ఏప్రిల్ 2001.

గౌరవనీయులైన యజ్ఞనారాయణ సార్ గారికి,

సోమయ్య కూతురు రోజారాణి నమస్కరించి రాయునది. నాయిన మీ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. జవాబు నన్నే రాయమన్నాడు. అత్వెల్లిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను, అందుకని ఇంట్లో రాతపని నాది.

నాయిన మీకు చెప్పవద్దన్న సంగతి ఒకటి చెప్తున్నాను. నాయిన సరదాకు ఆ పైపు పట్టుకోలేదు. గుడిలో వాయించేది పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మిగతా పొద్దంతా పదకొండేళ్ళు జీడిమెట్లలో ఒక కంపెనీలో పౌడరు సంచులు ఎత్తాడు. పోయిన దీపావళి నుంచి దగ్గులో నెత్తురు పడుతున్నది. ఊపిరితిత్తులు పాడయ్యాయని, సన్నాయి ఊదితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. సన్నాయి పీక సందు ఎంత సన్నగా ఉంటుందో మీకు తెలుసు. గాలి పోదు, రొమ్ములోనే ఒత్తుతుంది. ఆ పైపుకు అంత బలం అక్కరలేదు. చిన్న ఊపిరిని కూడా అది పెద్దగా వినిపిస్తుంది. అందుకే బాలేష్ బావ తెచ్చాడు.

తాళి కట్టేంతసేపు ఊపిరి తెంపకుండా ఊదుతాడని పేరున్న మనిషి, ఊపిరి లేదని ఎవరికి చెప్పుకుంటాడు? ‘ఊరోళ్ళకు ఎరుకైతే ఎరుకైతది గని, సార్‌కు మాత్రం చెప్పకు బిడ్డా. సార్ నా ఊపిరి మీద పేపర్ల రాసిండు’ అన్నాడు. మీరు పదేళ్ళ కింద రాసిన ఆ వ్యాసం మా ఇంట్లో అద్దం కట్టి ఉంది.

నవమి అయిన నాలుగో రోజే కమిటీవాళ్ళు గుడిలో కరెంటు మిషను పెట్టారు. మీట వేస్తే డోలు, గంట, తాళం అన్నీ అదే కొట్టుకుంటుంది. ఇగ మేళం అక్కరలేదని ప్రతాప్ అన్న చెప్పి పంపాడు. మా తాత, అంతకు ముందు ఆయన నాయిన చేసిన వంతు సార్ అది.

మీతో ఒక పని ఉంది. పైపుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి మీరు పన్నెండు కాగితాల్లో తెలుగులో రాసిచ్చారు. అవి నేను ఒక్కొక్క మాట చదివాను. ఆ రోజు అది ఎందుకట్ల అరిచిందో వాటిలో దొరకలేదు. ఇంట్లో అయితే ఇప్పటికీ చక్కగా పలుకుతున్నది. పుస్తకం మీ దగ్గరే ఉంది కదా. దయచేసి చూసి చెప్పగలరా? తప్పు నాయినదా, పైపుదా తెలిస్తే కమిటీని మళ్ళీ అడుగుదామని.

రోజారాణి


మేడ్చల్,
5 మే 2001.

చిరంజీవి రోజారాణికి,

మీ నాన్న జబ్బు సంగతి తెలిసి బాధ పడ్డాను. ఆ కంపెనీవాళ్ళు ముక్కుకు గుడ్డ కూడా ఇచ్చి ఉండరు. ఈ దేశంలో పరిశ్రమ పెట్టేవాడికి మనిషి రొమ్ము మీద ఉన్న గౌరవం ఎంతో నాకు తెలుసు.

ప్రతాప్ సంగతీ తెలుసు. గుడి చరిత్ర మీద నా చేత చిన్న పుస్తకం రాయించుకుని, అట్ట మీద తన ఫొటో వేయించుకున్నవాడు. డోలు మిషను కొనడానికి అతనికి సాకు కావాలి, దొరికింది. మా కాలనీవాళ్ళు ఇంకా ఘనులు. అపార్ట్‌మెంటు గృహప్రవేశానికి క్యాసెట్టు పెట్టి దాని ముందు అక్షింతలు చల్లుకుంటారు. ఇలాంటి వాళ్ళ మధ్య ఎవరి తప్పు అని వెతికి ఏం లాభం అమ్మా?

పుస్తకం ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు. ఇంటికి సున్నం వేయించాం, కాగితాలన్నీ తారుమారయ్యాయి. అయినా అలాంటి యంత్రాలకు కారణం ఉండదు. వాటి తిక్క వాటిది.

వృద్ధ కళాకారుల పింఛనుకు దరఖాస్తు నేను రాసి పెడతాను. మీ నాన్న పుట్టిన తేదీ పంపు.

యజ్ఞనారాయణ


షామీర్‌పేట,
20 మే 2001.

యజ్ఞనారాయణ సార్ గారికి నమస్కారం.

పింఛను వద్దని నాయిన అన్నాడు. ఎందుకని అడిగితే పైపు చేతిలోకి తీసుకున్నాడు.

పుస్తకం దొరికితే పంపండి సార్. డిక్షనరీ పెట్టుకుని నేను చదువుకుంటాను. తెలుగు కాగితాల్లో ఏమన్నా తప్పిపోయిందేమో అని నేను అంటే, నాయిన నా మీద కోపం చేశాడు. ఆయన అన్నమాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘సార్ గంత పెద్ద సదువు సదివిండు. గాయన రాసినదాంట్ల తప్పు వడుతవా? మనమే సరిగ సూడలేదేమో. సార్‌ను పరేషాన్ చెయ్యకు.’

ఇప్పుడు రోజూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంట్లోనే వాయిస్తాడు. మాకు ఏమీ వినపడదు. ఆయన బుగ్గలు కదలడం ఒక్కటే కనపడుతుంది. అమ్మ లేని ఇంట్లో అది చూడటం నాకు కష్టంగా ఉంది సార్.

రోజారాణి


మేడ్చల్,
11 జూన్ 2001.

సోమయ్య గారికి,

యజ్ఞనారాయణ నమస్కారములు.

ఇంగ్లీషు పుస్తకం దీనితో పంపుతున్నాను. అది పోలేదు. మొదటి రోజు నుంచీ నా బల్ల మీదే ఉంది. ఏడో పేజీలో పెన్సిలుతో గీత పెట్టాను. అక్కడ ఉన్నది ఇది. ఈ వాద్యం మీటలు నొక్కితే పలికేవి కావు, చర్మం తగిలితే పలికేవి. కాబట్టి వేళ్ళు పొడిగా ఉండాలి. తడి గాని, నూనె గాని, లేపనం గాని అంటితే పక్క మీటలు కూడా వేలు తగిలిందనుకుంటాయి. ఇష్టం వచ్చిన స్వరం పలుకుతాయి.

నేను రాసిచ్చిన పన్నెండు కాగితాల్లో ఈ మాట లేదు. రాసేటప్పుడు దురుద్దేశం లేదు, విసుగు ఉంది. సన్నాయిలో సగం రంధ్రం మూసి పలికించే గమకాన్ని ఇందులో బొటనవేలి కింద రేకును తాకి వంచాలి అన్న చోటి దాకా శ్రద్ధగా రాశాను. జాగ్రత్తలు అన్న పేజీ వచ్చేసరికి, ఇదంతా వీళ్ళకెందుకులే అని వదిలేశాను. వీళ్ళకెందుకు అన్నమాట నేను నా జీవితంలో చాలా చోట్ల వాడాను. ఇక్కడ మాత్రమే దొరికిపోయాను.

తర్వాతిది విసుగు కాదు.

ఉగాదికి ముందు మీరు మా ఇంట్లో దాన్ని ఊది చూశారు. హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టారు. గదిలో మీ ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. నా చెవుల్లో మాత్రం ముఖారి రాగం. పెట్టెలోది ఎవడి గొంతో అని నేను పెద్ద సిద్ధాంతం చెప్పాను కదా, అది మీ గొంతే. మీరు ఊపిరి సన్నం చేస్తే అది సన్నబడింది. పెదవి వణికితే వణికింది. సన్నాయిలో అయితే పీక మీ మాట పూర్తిగా ఎప్పుడూ వినేది కాదు, దానితో మీరు పోట్లాడేవారు. ఇక్కడ పోట్లాట లేదు. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. హెడ్‌ఫోన్లు తీసి ‘పర్వాలేదు, పిల్లల బొమ్మలా ఉంది’ అన్నాను. మీరు నవ్వి దాన్ని సంచిలో పెట్టుకున్నారు.

ఆ గొట్టంలో ప్రాణం ఉండదని నేను అప్పటికే ఒక పత్రికకు వ్యాసం పంపి ఉన్నాను. నవమి వారమే అచ్చయింది. అదొక్కటే కారణమైతే ఇంత సిగ్గు పడేవాణ్ణి కాదు. నేను చిన్నప్పుడు కాకినాడలో పన్నెండేళ్ళు వేణువు నేర్చుకున్నాను. గురువు చివరికి ‘నీకు చెవి ఉందిరా, ఊపిరి లేదు. విని బతుకు’ అన్నాడు. అలాగే బతికాను. వాయించేవాళ్ళలో తప్పులు వెతికి, వాటిని అచ్చు వేయించి బతికాను. మీరు నెల రోజుల్లో ఒక ప్లాస్టిక్ గొట్టానికి ఊపిరి పోశారు. చూసి ఓర్వలేకపోయాను.

నవమి నాడు గంధం గిన్నె నా చేతికిచ్చారు. ఆ క్షణాన ఏడో పేజీ మాట గుర్తొచ్చింది, ఇంగ్లీషులో, అక్షరం తప్పకుండా. గంధం చేతి వెనక పూస్తారు. నేను మీ రెండు చేతులూ పట్టుకుని వేళ్ళ కొసల దాకా, వేళ్ళ సందుల్లో కూడా పామాను. మీరు వద్దనలేదు. ఇచ్చిన గంధాన్ని మేళగాడు తుడుచుకుంటే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టు. అది నాకు తెలుసు. తెలిసే పూశాను. మీరు వంగి నాకు దండం పెట్టారు.

ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ కామేశ్వరమ్మ అంది: ‘ఏవండీ, గంధం వేళ్ళకి రుద్దుతారటండీ ఎక్కడైనా?’ నేను ఎండ సంగతి ఎత్తాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. రెండు నెలలుగా అడగకుండా నాకు అన్నం పెడుతోంది.

నాకు మీ జబ్బు సంగతి తెలియదు. తెలిస్తే చేసేవాణ్ణి కానని రాసి, కొట్టేశాను. ఏమో. తెలియదు.

ఏం చెయ్యమంటే అది చేస్తాను.

యజ్ఞనారాయణ


షామీర్‌పేట,
2 జూలై 2001.

యజ్ఞనారాయణ సార్ గారికి,

మీ ఉత్తరం నాయినకు చదివి వినిపించాను. మొదట పేరు పక్కన గారు అన్న చోట ఆగి, ‘మల్ల సదువు’ అన్నాడు. చివరి దాకా విన్నాడు. లేచి పోయి దొడ్లో చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

నిన్న బాలేష్ బావ వచ్చాడు. పుస్తకం చూసి, మేడ్చల్ పోయి సార్‌ను నిలదీస్తా అని లేచాడు. నాయిన కూర్చోబెట్టాడు. ‘కొట్టుకునుడు, తిట్టుకునుడు మనకొద్దు. సార్ ఏం చెయ్యమంటే గది చేస్తనన్నడు. ఇజ్జత్ యాడ వోయిందో ఆడనే తెచ్చియ్యాలె. వచ్చే నవమికి, తాళి కట్టెటప్పుడు, మైకుల చెప్పాలె’ అన్నాడు.

నా మాట కూడా ఒకటి రాస్తాను. నాయిన చెప్పమనలేదు. అద్దం కట్టిన మీ వ్యాసం గోడ మీద నుంచి నేనే తీశాను. నాయిన చూశాడు, మళ్ళీ పెట్టమని అనలేదు.

రోజారాణి


మేడ్చల్,
14 అక్టోబర్ 2001.

సోమయ్య గారికి,

నవమి దాకా ఆగడం ఎందుకని కమిటీకి అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. సంతకం పెట్టాను. ప్రతాప్ చదివి నవ్వాడు. ‘గంధంతోని బాజా ఖరాబైతదా సార్? మీరు పెద్దమనిషి, సోమయ్య మీద జాలితోని మీదేసుకుంటున్నరు’ అన్నాడు. నా అబద్ధాలన్నీ నమ్మిన మనిషి ఈ ఒక్క నిజం నమ్మలేదు. పుస్తకంలో ఏముందో చదివి వినిపించాను. తర్వాత చూద్దామన్నాడు.

ఇంకోసారి వెళతాను. అవసరమైతే పత్రికకు రాస్తాను, నా వ్యాసం తప్పని అచ్చు వేయిస్తాను. వేలమంది చదువుతారు. మీరు మైకు అన్నారు. నాకు డెబ్భై మూడు. జనం ముందు నిలబడి, పసుపు బట్టల్లో ఆడవాళ్ళు, పిల్లలు చూస్తుండగా… వేరే దారి ఏదైనా సరే అంటారేమోనని అడుగుతున్నాను.

యజ్ఞనారాయణ


షామీర్‌పేట,
22 అక్టోబర్ 2001. (కార్డు)

సార్‌కు, నాయిన చెప్పినది: ‘పేపరు మా ఊర్ల ఎవ్వలు సదువరు. కమిటీ ముందట నా ఇజ్జత్ పోలే. ఊరి ముందట పోయింది.’

రోజారాణి


మేడ్చల్,
23 ఏప్రిల్ 2002.

సోమయ్య గారికి,

మొన్న నవమి నాడు మీరు పందిట్లో కనపడలేదు. వచ్చారో లేదో తెలియదు. అందుకని జరిగింది రాస్తున్నాను.

మంగళసూత్రం ఎత్తే ముందు రెండు నిమిషాలు మైకు కావాలని ప్రతాప్‌ను అడిగాను. నేను గుడి చరిత్ర గురించి చెబుతానని అతను అనుకున్నాడు. లేచి నిలబడ్డాను. మీ పేరు చెప్పాను, మీ తండ్రి పేరు చెప్పాను. పోయిన ఏడు మేళం ఆగిపోయింది సోమయ్య గారి తప్పు వల్ల కాదు, ఆ వాద్యం తప్పు వల్ల కాదు అన్నాను. తడి చేతులతో అది సరిగ్గా పలకదని నాకు తెలుసు, తెలిసి, అసూయతో, గౌరవం పేరుతో ఆయన వేళ్ళకు గంధం పూశాను అన్నాను. చేతులు జోడించాను.

మీరు కోరిన శిక్ష నాకు పడలేదు సోమయ్య గారూ. ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొట్టాడు, అది చూసి మిగతావాళ్ళూ కొట్టారు. వెనక పానకం పంచడం మొదలైంది, సగం మంది అటు తిరిగారు. ఒకావిడ నా కాళ్ళకు దండం పెట్టింది. ఎంత పెద్ద మనసు సార్‌ది అంది. జీవితమంతా నా మాట వినని జనాన్ని తిట్టాను. ఆ రోజు వినకపోతే వాళ్ళ ముందు ఏడవబోయాను. ‘నేను చెప్పేది పొగడ్త కాదు, నేను చేసింది పాపం’ అని మళ్ళీ మైకు తీసుకుని అరిచాను. అప్పుడు నిశ్శబ్దమైంది. అప్పుడు అర్థమైంది వాళ్ళకు. డోలు ముత్తయ్య నా ముఖంలోకి చూశాడు. పురోహితుడు సూత్రం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో నాకు తెలియదు. మీకు పోయిన ఏడు అంతసేపే అయి ఉంటుంది.

తర్వాత మిషను మీట వేశారు. తాళి కట్టారు.

భోజనాల్లో నా పక్క విస్తరి ఖాళీగా ఉంది. ప్రతాప్ దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. కామేశ్వరమ్మ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

యజ్ఞనారాయణ


షామీర్‌పేట,
6 మే 2002.

యజ్ఞనారాయణ సార్ గారికి,

నాయిన, నేను ఇద్దరం వచ్చాము. చెప్పుల స్టాండు పక్కన నిలబడ్డాము. అంతా విన్నాము.

శనివారం నాడు ప్రతాప్ అన్న, కమిటీలో ఇంకో ఇద్దరు ఇంటికి వచ్చారు. మిషను తీసేస్తామని, వంతు మళ్ళీ చూసుకోమని అన్నారు. నాయిన వెంటనే ఒప్పుకోలేదు. తన రొమ్ము సంగతి తానే వాళ్ళకు చెప్పాడు. నేను మీకు రాసింది తప్ప, ఆ మాట నాయిన నోటితో బయటివాళ్ళకు చెప్పడం అదే మొదటిసారి. పొద్దటి గంట తాను పైపు ఊదుతానని, సాయంత్రం గంట ‘నా బిడ్డ ఊదుతది’ అని అన్నాడు. ఆడపిల్ల మేళంలోనా అని ఒకాయన నసిగాడు. ‘హెడ్‌ఫోన్ల ఏడాది సంది నేర్సుకుంటాంది. మీకు వినవడలే గని, నాకు వినవడ్డది’ అన్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసని నేను అనుకోలేదు సార్. ఆయన నిద్రపోయాడనుకుని నేను అది పెట్టుకునేదాన్ని. పెట్టెకు ఇంకో హెడ్‌ఫోన్ల తీగ తగిలించి ఆయన దుప్పటి కింద వింటున్నాడని నాకు తెలియదు.

కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు. రేపటి నుంచి పోతాము.

మీ సంగతి. నవమి మర్నాడు డాక్టరు దగ్గరికి పోయి తిరిగి వచ్చేటప్పుడు నాయిన బస్సులో అన్నది రాస్తున్నాను: ‘సార్ మొదటిసారి చెప్పినప్పుడు మాట మధ్యల ఊపిరి తెగింది. మంత్రం సదివినట్టు చెప్పిండు, గందుకే ఎవ్వలు వినలే. రెండోసారి కడుపుల నుంచి వచ్చింది. గది ఊపిరి. గురువు తప్పు చెప్పిండు సార్‌కు.’

సార్‌ను మాఫ్ చేసినట్టా నాయినా, ఏమని రాయాలె అని అడిగాను. కిటికీలో నుంచి చూస్తూ కూర్చున్నాడు. బస్సు అలియాబాద్ దాటినంక చెప్పాడు.

‘గది నాకే ఎరుక లేదు బిడ్డా. ఎరుక లేదనే రాయి.’

రోజారాణి